మూగకొట్టు నూలు

నాలుగోసారి కూడా గుడ్డ భగ్గుమంది.

మరకతపురి కోట ముంగిట, పట్టపగలు, రాజు మకరధ్వజుడు మేడమీద నుంచి చూస్తుండగానే, చండ్రనిప్పుల మీద పరిచిన వస్త్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు అంటుకుంది. నేతగాడు చౌడన్న ఒక్క గంతులో వెళ్లి పట్టకారుతో దాన్ని బయటికి లాగాడు. నేలమీద పడేసి తొక్కి తొక్కి ఆర్పాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. గుడ్డ మాత్రం సగం నల్లగా, సగం గోధుమరంగుగా, గజ్జి కుక్క ఒంటిలా మిగిలింది.

"అయ్యయ్యో!" అన్నారు జనం. నాలుగోసారి కదా, ఆ అనడంలో జాలి కూడా అంతంతమాత్రమే.

ఇంతకూ కాలని గుడ్డ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. ధూమ్రజటి అనే మాంత్రికుడు పన్నెండు రోజుల కిందట సుడిగాలిలా వచ్చి రాకుమారి కనకలేఖను ఎత్తుకుపోయాడు. రాకుమారికి చీర కట్టే పరిచారిక ఆమె చెయ్యి పట్టుకుని వదలలేదు. దాంతో ఇద్దరూ కలిసే గాలిలోకి లేచిపోయారు. ఇప్పుడు ఇద్దరూ సప్తజ్వాల గుహలో ఉన్నారు. ఆ గుహ చుట్టూ ఏడు అగ్నివలయాలు. మొదటిది మోదుగుపూలు రాశి పోసినట్టు ఎర్రన. రెండోది నెమలి మెడ నీలం. మూడోది పసుపు, నాలుగోది పాలతెలుపు, అయిదోది ఆకుపచ్చ, ఆరోది కాటుక నలుపు. ఏడోది కంటికి కనబడదు, కానీ దాని మీదుగా ఎగిరిన పిట్ట బూడిదై రాలుతుంది. పౌర్ణమి నాడు మిట్టమధ్యాహ్నం శంఖం ఊదే వేళకు ఏడు వలయాలూ ఒక్కటై లోపలికి ముడుచుకుంటాయి. లోపల ఉన్నవాళ్ల సంగతి ఇక చెప్పనక్కరలేదు. పౌర్ణమికి మూడు రోజులే ఉంది. ఈలోగా కాలని గుడ్డతో కుట్టిన అంగీ తొడుక్కుని ఎవరో ఒకరు ఆ మంటలు దాటాలి.

ఆ పరిచారిక పేరు సూరమ్మ. చౌడన్న పెళ్లాం.

పన్నెండు రోజులుగా కోటలో ఏ నోట విన్నా "రాకుమారి, రాకుమారి" అనే మాటే. సూరమ్మ అన్న పేరు ఒక్కరూ ఎత్తలేదు. రాకుమారి కోసమైతే రాజున్నాడు, సేన ఉంది. సూరమ్మకు ఎవరున్నారు? మాడిన గుడ్డ ముందు చతికిలబడి, అరికాళ్లు ఊదుకుంటున్న ఈ ఒక్కడు తప్ప.

"ఓయీ చౌడన్నా, మళ్లీ ఇదేనా?" అన్నాడు రాజు, పైనుంచి.

"ప్రభూ, నా నేతలో లోపం లేదు. నూలులోనే ఏదో ఉంది."

"నూలులోనా!" ఉగ్రాణం పెద్ద భద్రాయుడు ముందుకొచ్చాడు. రాజ్యంలోకి వచ్చే ప్రతి పోగూ, ప్రతి గింజా ఆయన లెక్కకు ఎక్కాలి. "ఆడలేక మద్దెల ఓడన్నాడట! పొగకొండ రాతినార నూలు అది. నిప్పు దాన్ని తినదని మా తాతల కాలం నుంచీ లోకమంతా ఎరుగును. నీ చేతులే సరిగా లేవేమో చూసుకో."

చౌడన్నకు ఒళ్లు మండిపోయింది. అక్కడే కూర్చుని, గుడ్డలోంచి మాడని పోగొకటి లాగి, పురి విప్పి, గోటితో రెండుగా చీల్చాడు. ఒక పాయ తళతళలాడుతూ చల్లగా ఉంది, రాతినార. రెండో పాయను నాలుకకు తాకించగానే తెలిసిపోయింది. పుట్టినప్పటి నుంచీ నోట్లో నానుతున్న రుచే అది.

"పత్తి!" అని కేక పెట్టాడు. "చూడండి ప్రభూ, పత్తి కలిపారు! సగానికి సగం! ఆ కొండమీద వడికేవాళ్లు నన్ను నిలువునా ముంచారు!"

"అయితే కల్తీ లేని నూలు తెప్పించు," అన్నాడు రాజు విసుగ్గా.

అక్కడే వచ్చింది చిక్కు. తెప్పించడమంటే మాటలా? పొగకొండ అడుగున మూగకొట్టు అని ఓ రాతిగది ఉంది. దానికి రెండు తలుపులు, ఒకటి ఊరివైపు, ఒకటి కొండవైపు. నడుమ అడ్డంగా ఓ అరుగు. కొండవాళ్లు వచ్చి అరుగుమీద నూలు పెట్టి వెళ్లిపోతారు. నేతగాడు ఆ తర్వాత వచ్చి నూలు తీసుకుని, ఉప్పూ బెల్లమూ పెట్టి వెళతాడు. నచ్చకపోతే ఒక పోగు తెంపి అక్కడే వదిలేస్తాడు. ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, ఒకరి మాట ఒకరు వినకూడదు. ఏడు తరాల కిందట ఓ అద్భుతమైన చీర చూసి రాజు మెచ్చుకుంటే, ఆ గొప్ప నాదంటే నాదని నేతగాడూ, నూలు వడికినావిడా నిండు సభలో జుట్లు పట్టుకున్నారట. ఆ రాజుకు తలనొప్పి వచ్చి, ఇకమీదట మీరిద్దరూ మాట్లాడుకుంటే దేశంలోంచి వెళ్లగొడతానన్నాడట. ఆయన తలనొప్పి తగ్గిపోయింది, కట్టుబాటు మాత్రం మిగిలిపోయింది.

చౌడన్న ఇప్పటికి మూడుసార్లు పోగు తెంపి పెట్టాడు. తెంపిన ప్రతిసారీ కొత్త నూలు చిలపలు వచ్చాయి, ముందటి వాటిలాగానే. ఈ నాలుగోసారి నూలుకు ఒక బొగ్గుముక్క కూడా కట్టి పంపారు. 'నీ గుడ్డ బొగ్గయిపోతుందిలే' అని వెక్కిరింత కాక మరేమిటది? ఆ బొగ్గు చూసిన రోజున చౌడన్నకు అన్నం సయించలేదు.

"నేనే కొండెక్కుతా ప్రభూ! వాళ్ల మొహానే అడుగుతా!"

"కట్టుబాటు!" అన్నాడు భద్రాయుడు, గుండెమీద చెయ్యి వేసుకుని. "ఏడు తరాల కట్టుబాటు! నేతగాడు మూగకొట్టు దాటితే రాజ్యానికి అరిష్టం. కావాలంటే ఐదోసారి పోగు తెంపి పెట్టు. ఈసారి రెండు పోగులు తెంపు."

"రెండు పోగులు తెంపితే నా పెళ్లాం బతుకుతుందా?"

రాజు లోపలికి వెళ్లిపోయాడు. మాడిన గుడ్డను చంకలో పెట్టుకుని చౌడన్న కోట దాటాడు. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాడు. రాజును తిట్టాడు, భద్రాయుణ్ణి తిట్టాడు, ముఖమెరుగని ఆ నూలు మనిషిని అందరికంటే ఎక్కువ తిట్టాడు.

కొండెక్కడం అనుకున్నంత తేలికా? ధూమ్రజటి ఆ కొండకు ఇనుపముక్కు రాబందులను కాపలా పెట్టాడు. వాటికి చూపు మందం, కానీ వాసన పసిగట్టడంలో వాటికవే సాటి. ఏ వాసన? గంజి వాసన! నేతగాడి ఒంట్లో తరతరాల గంజి ఇంకిపోయి ఉంటుంది కదా, అది తగిలితే చాలు, చీల్చి చెండాడమని మాంత్రికుడి ఆజ్ఞ. అందుకని చౌడన్న మేకలదొడ్లో దొర్లి, పెంటతో ఒళ్లంతా రుద్దుకుని, మేకతోలు కప్పుకుని, ఓ గొల్లవాడి వేషంతో మూగకొట్టుకు చేరాడు. ఊరివైపు తలుపు తోసి, అరుగెక్కి, అవతలికి దూకి, కొండవైపు తలుపు తీశాడు. ఏడు తరాల్లో ఆ పని చేసిన మొదటి మనిషి అతనే. పిడుగు పడలేదు, భూమి బద్దలు కాలేదు. చూరులో బల్లి ఒకటి కిచకిచమంది, అంతే.

ఒక జాము ఎక్కాడో లేదో, ఏనుగంత రాబందు ఒకటి దారికడ్డంగా దిగింది.

"ఎవడ్రా నువ్వు?"

"మేకలోణ్ణి దొరా. పోతు తప్పిపోయింది."

రాబందు ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసి, "ఛీ ఛీ!" అని తల తిప్పుకుంది. "పో, పో! స్నానం చేసి చావు!"

బతికాను అనుకుంటూ చౌడన్న పరుగందుకున్నాడు. కానీ అదృష్టం మరీ అంత మంచిది కాదు. తీగల వంతెన నడుమకు వచ్చేసరికి పుటుక్కున తెగింది. కిందనున్న వాగులో పడ్డాడు. పెంట కొట్టుకుపోయింది, మేకతోలు కొట్టుకుపోయింది, పదేళ్లుగా గంజి తాగిన పంచె మాత్రం నీళ్లలో నాని, పొయ్యిమీద కుండలా ఘుమఘుమలాడడం మొదలుపెట్టింది. ఆకాశం నల్లబడింది. ముప్పై రాబందులు! చౌడన్న ఒడ్డుకు పాకి, పంచె విప్పి, రాయి చుట్టి, బలంకొద్దీ లోయలోకి విసిరాడు. ముప్పై రాబందులూ పంచె వెంట పడి, దాన్ని పోగు పోగుగా చీల్చుకుంటూ పోయాయి. చౌడన్న గోచీతో మిగిలాడు, చంకలో మాడిన గుడ్డతో. ఆ గుడ్డ నిలువెల్లా మసే కాబట్టి దానికి గంజి వాసన లేదు. ఎవరూ చూడడం లేదు కదా అని ఓసారి బిగ్గరగా ఏడ్చాడు కూడా.

శిఖరం కింద ఓ గుహ కనబడింది. లోపలికి అడుగుపెట్టగానే ఏడుపు ఆగిపోయింది. గోడలన్నీ ఆకుపచ్చ రాళ్లు, ఒక్కో రాతి పగులులోంచి వెండి వెంట్రుకల్లాంటి నార జడలు జడలుగా వేలాడుతోంది. పైకప్పు చీలికలోంచి దిగిన ఎండ ఆ జడల్లో చిక్కుకుని వెయ్యి దీపాలు పెట్టినట్టుంది. ఆ వెలుగు నడుమ, కాళ్లు చాపుకుని, కదురు తిప్పుకుంటూ ఓ ముసలమ్మ కూర్చుంది. పేరు మాచవ్వ. కొండకంతటికీ రాతినార వడకడం ఇప్పుడు ఆమె ఒక్కతెకే తెలుసు.

ఆమె తల ఎత్తి, గోచీ పెట్టుకున్న మనిషిని కిందినుంచి పైదాకా చూసింది. చేతివేళ్ల మీద పోగు కోసిన గాట్లు చూసింది.

"నా నూలు తెంపేది నువ్వేనేంట్రా?"

"పత్తి కలిపేది నువ్వేనా?" అన్నాడు చౌడన్న, ఆమెకంటే గట్టిగా. "రాతినార అని చెప్పి పత్తి అంటగడతావా? అడిగితే బొగ్గు కట్టి వెక్కిరిస్తావా? అవతల నా పెళ్లాం ప్రాణం పోతోంది, నీకు ఆటలుగా ఉందా?"

"ఎక్కిరింతా? ఓరి నీ తెలివి తెల్లారా! కాల్చుకోరా అని చెప్పినా. నోటితో చెప్పొద్దన్నారు గదా మీ రాజులు, బొగ్గుతో చెప్పినా. ఆ మాత్రం తెలీదా?"

"కాలిస్తే మండిపోతోంది మరి!"

"మండితే?"

"మండితే ఏంటి! లాగి ఆర్పుతున్నా."

మాచవ్వ కదురు పక్కన పెట్టింది. నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"నాలుగుసార్లూ ఆర్పినావా?"

"ఆర్పక?"

"రాతినార ఒక్కటే వడికితే పోగు నిలవదురా అబ్బాయ్, ఇసక ఇసక రాలిపోతది. పత్తి తోడుంటేనే పురి ఎక్కుద్ది, మగ్గం దెబ్బలు ఓర్చుకుంటది. పత్తి తోడుపెళ్లికూతురు లాంటిది. పీటలదాకా ఎంట ఉంటది, కాపురానికి రాదు. నేత అయినాక నిప్పులో ఏస్తే పత్తి మండిపోయి రాతినార ఒక్కటే మిగుల్తది. ఆ మంట చూసి నువ్వు…" ఆమె మాట మింగేసి, ఒక చిలప తీసి పొయ్యిలో విసిరింది.

మంట లేచింది. చౌడన్న చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. మాచవ్వ కదురుతో ఆ చేతిమీద ఒక్కటి వేసింది. "ఆగు!" మంట ఎగిసింది, పసుపయింది, తగ్గింది, ఆరింది. పొయ్యిలో చిలప నురుగుపాలంత తెల్లగా, చెక్కు చెదరకుండా పడి ఉంది.

చౌడన్న అక్కడే కూలబడ్డాడు. నాలుగు గుడ్డలూ మంచివే! నాలుగింటినీ తన కాళ్లతో తానే తొక్కి పాడుచేశాడు. మొదటిదాన్ని ఇంకాసేపు వదిలేసి ఉంటే సూరమ్మ పది రోజుల కిందటే ఇల్లు చేరేది. "ఇంత చిన్న ముక్క ఎవరూ చెప్పలేదేం అవ్వా?" అన్నాడు.

"ఎవురడిగినార్రా? ఏడు తరాల్నించీ తెంపేవోళ్లే గానీ అడిగినోడు లేడు." మాచవ్వ అతని చంకలోని మాడిన గుడ్డ లాక్కుంది. వెలుగులో పెట్టి, పడుగూ పేకా వేళ్లతో తడుముతూ చాలాసేపు చూసింది. "మా నూలు గుడ్డయితే ఇట్టుంటదా?" అంది మెల్లిగా. "మా అమ్మ సూళ్లేదు. మా అవ్వా సూళ్లేదు." తర్వాత ఆమె గొంతు మళ్లీ కరుకెక్కింది. "ఇదేంటిది, కుట్టినావా? దేంతో కుట్టినావు?"

"దారంతో. అంగీకి కుట్టు లేకుండా ఎలా?"

"పత్తి దారమేనా? సచ్చినట్టే! అగ్గిలో నడుమదాకా పోయినాక కుట్లన్నీ ఊడి నువ్వు బరిబత్తలగా నిలబడ్తావు. కుట్టొద్దు. ఒక్క పొడుగు గుడ్డ నెయ్యి, చుట్టుకో. ఈ పలచన నేత పనికిరాదు. పడుగు జంటపోగులు పెట్టు, పేకకు నేను ఎడంపురి ఇచ్చి వడికిస్తా. రెండూ ఎదురెదురు పురులయితే ఒకదాన్నొకటి కరుచుకుంటాయ్."

ఎదురెదురు పురులు! ముప్పై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్నా చౌడన్నకు ఆ ఊహే రాలేదు. వచ్చినా లాభం లేదు, అడగడానికి మూగకొట్టులో ఎవరుంటారు? అతను లేచి గుహ నేలలో గుంట తవ్వాడు, వెదుళ్లు నరికి మగ్గం నిలబెట్టాడు. ఆమె వడికింది, అతను నేశాడు. అతను నేస్తుంటే ఆమె పోగు తీరు మార్చింది, ఆమె మార్చినకొద్దీ అతను దెబ్బ మార్చాడు. మధ్యలో ఇరవైసార్లు పోట్లాడుకున్నారు. ఒకసారైతే మాచవ్వ కదురు విసిరేసింది, చౌడన్న పేకపోగు తోసే నాడె విసిరేశాడు, మళ్లీ ఎవరిది వాళ్లే ఏరుకున్నారు. పౌర్ణమి పొద్దెక్కే వేళకు పన్నెండు మూరల గుడ్డ మగ్గం మీదనుంచి దిగింది.

"కాల్చేద్దామా?" అన్నాడు చౌడన్న.

"ఇంత పెద్ద మంటేస్తే రాబందులు దిగుతాయ్. పైగా పొద్దు చూడు! మంట కోసం యాడికో పోవడమెందుకు, ఆ మాంత్రికుడిదే ఉందిగా. లోపల నా మేకతోలు తడిపి కప్పుకో, పైన ఇది చుట్టుకో. పత్తి నీ ఒంటిమీదే మండుతది. పది గుక్కలు నీళ్లు తాగేంతసేపు. కదలొద్దు. ఇసిరిపారెయ్యొద్దు. ఓర్చుకో."

ఇద్దరూ కొండ వెనక జారుడుబండల మీదుగా, దొర్లుతూ పొర్లుతూ సప్తజ్వాల గుహ ముందుకు వచ్చిపడ్డారు. అక్కడ రాజు, సేన, నీళ్లకుండలతో రెండువందల మంది. శంఖం ఊదేవాడు అప్పటికే శంఖం చేతికి తీసుకుని సూర్యుడి వంక చూస్తున్నాడు.

"వచ్చాడు!" అన్నాడు భద్రాయుడు. మాచవ్వను చూసి ఆయన ముఖం పాలిపోయింది. "ఈ కొండమనిషి ఎవరు? కట్టుబాటు!"

చౌడన్న ఆగలేదు. తల మీదుగా గుడ్డ చుట్టుకుని ఎర్రటి వలయంలోకి నేరుగా నడిచాడు.

భగ్గుమంది! నెత్తినుంచి పాదాలదాకా నిప్పే. జనం హాహాకారాలు చేశారు. "తీసెయ్యరా! విసిరెయ్యరా!" చౌడన్న చేతులు గుడ్డను పట్టి లాగడానికి లేచాయి, ఆ నాలుగుసార్లూ లేచినట్టే. పళ్లు గిట్టకరుచుకుని చేతులను చంకల్లో ఇరికించుకున్నాడు. ఒక గుక్క. రెండు గుక్కలు. సూరమ్మ ముఖం తలుచుకుందామనుకున్నాడు, తలపుకు రాలేదు, ఒళ్లు మండుతుంటే ఏ తలపు నిలుస్తుంది?

"నీళ్లు! నీళ్లు పోయండి!" అని అరిచాడు భద్రాయుడు. కుండలవాళ్లు పరుగెత్తారు.

"ఆగండెహె!" మాచవ్వ వాళ్లకు అడ్డంగా నిలబడి కదురు ఎత్తింది. "కాలే రాయిమీద నీళ్లు పోస్తే పగుల్తది! చుక్క పడిందా, కళ్లు పొడుస్తా!" రెండువందల మంది మగాళ్లు ఆ కదురు ముందు ఆగిపోయారు. "చౌడా! నిలబడరా! అది గుడ్డ కాదురా మండేది, పత్తి! నిలబడు!"

ఏడు తరాల తర్వాత, రాజు ఎదురుగానే, నూలు మనిషి గొంతు నేతగాడి చెవిన పడింది. చౌడన్న నిలబడ్డాడు. ఆరు. ఏడు. మంట పసుపయింది. ఎనిమిది. తగ్గింది. తొమ్మిది. ఆరిపోయింది.

మరి నాలుగడుగులు, అంతే. ఎర్రటి వలయానికి అవతల, నురుగుపాలంత తెల్లటి గుడ్డ కప్పుకుని, కనుబొమలు కాలిపోయి, దగ్గుతూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. లోపలినుంచి, ఎక్కడో చాలా దూరంనుంచి, "ఎవరది? ఎవరొచ్చారు?" అని ఆడగొంతు వినిపించింది. సూరమ్మదే!

చౌడన్న ముందుకు ఉరకబోయాడు. ఎదురుగా నెమలి మెడ రంగులో రెండో వలయం లేచి నిలబడింది. దానికి సెగ లేదు. చల్లగా, మెత్తగా, మాటిమాటికీ నాలుక చాపుతోంది. గుడ్డ అంచును అలా తాకించి చూశాడు. అంచు కాలలేదు. మంచులా గట్టిపడి పెళుక్కున విరిగి కాళ్ల దగ్గర పడింది.

వెనక, వలయం బయట, శంఖం పెదవులదాకా లేచింది. ఎప్పటి చౌడన్న అయితే ఈపాటికి నూలును ఒక తిట్టు తిట్టి దూకేసేవాడే. ఈ చౌడన్న వెనక్కి తిరిగాడు.

"అవ్వా!" అని కేకేశాడు. "ఇది నీలంగా ఉంది. చల్లగా ఉంది. మన గుడ్డ విరిగిపోతోంది. ఏం చెయ్యమంటావ్?"

మాచవ్వ కళ్లు చికిలించి చూసింది. విరిగిన ముక్కవైపు చూసింది. తన వేళ్లవైపు చూసుకుంది.

"నాకూ తెలీదురా నాయనా," అంది. "నేనే వచ్చి సూస్తా, ఆ కొంగు ఇటిసురు!"

చౌడన్న చుట్టు విప్పి, పన్నెండు మూరల గుడ్డలో సగాన్ని ఎర్రటి మంటల మీదుగా ఇవతలికి విసిరాడు. మాచవ్వ కదురు మొలలో దోపుకుంది, కొంగు నెత్తినిండా కప్పుకుంది, భద్రాయుడు "కట్టుబాటు" అనేలోపే మంటల్లోకి నడిచింది.